గృహ నిర్వాహము: మూడువేల రూపాయలలో వనవిడిది

రాయచోటి నుండి మన చదువరులలో ఒక సోదరి వ్రాసిన ఉత్తరము ఈ నెల మాకు చేరినది. అందలి ప్రశ్న ఆమె యొక్కతెదే కాక ఆ సీమలోని అనేక గృహములదిగా తోచుటచే పత్రికయందే సమాధానము వ్రాయుచున్నాము. ఆమె భర్త కువైటులో పనిచేయుచున్నారు. మూడేండ్ల తరువాత 40 దినముల సెలవు దొరకినది. అది కార్తికమాసమున పడినది. ఇంట అత్తగారును, 13 ఏండ్ల ఆడపిల్లయు, 9 ఏండ్ల పిల్లవాడును, 5 ఏండ్ల చిన్నవాడును ఉన్నారు. ఆ చిన్నవానికి తండ్రి ముఖము ఫోనులో తెలియును గాని ఆయన ప్రక్కన పండుకొనుటకు ఇంకను జంకుచున్నాడట. "సెలవంతయు బంధువుల యిండ్లకును, బ్యాంకునకును, రిజిస్ట్రారు కచ్చేరికిని తిరుగుటకే చెల్లిపోవుచున్నది. రెండు రాత్రులైన మేమారుగురము మాత్రమే ఒకచోట ఉండవలెనని నా కోరిక" అని ఆ సోదరి వ్రాసినది.

పీలేరు దగ్గర ఆమె మేనమామగారి మామిడితోపు కలదు. అందు రెండు రాత్రులు బస చేసి, నడుమ ఒక పగలు తలకోనకు పోయి రావలెనని సంకల్పము. పొరుగింటివారు విని, కారు బాడుగకు మాట్లాడుమనియు, ఫోనులో చూపు గుడారమును, మడత కుర్చీలను, గాలి పరుపులను తెప్పింపుమనియు చెప్పిరట. 20,000 రూపాయలు తామే సర్దెదమనియు, వడ్డీ నూటికి మూడు రూపాయలే యనియు అనిరట. పాడి వలన మిగిల్చిన 3,000 రూపాయలు మాత్రము ఈమె చేతిలో ఉన్నవి. బస్సు ఖర్చులు భర్త చూచుకొందురు. ఈ మూడువేలతో ఏమేమి కొనవలెనని ప్రశ్న.

మొదట ఆ అప్పు సంగతి తీర్చివేయుదము. 20,000 రూపాయలకు నెలకు నూటికి మూడు చొప్పున 600 వడ్డీ; ఏడాదికి 7,200. సెలవు ముగిసి ఆయన విమానమెక్కిన పిదప ఆ గుడారము అటకమీద ఉండును, వడ్డీ మాత్రము కువైటులో ఆయన చెమటనుండి వచ్చును. కావున ఆ మాట వదలుడు.

ఇక సామగ్రి. ఒక కాగితము తీసికొని "కొనవలసినవి" అని తలకట్టు పెట్టుట మన స్త్రీలలో చాలమంది చేయు పని. అట్లు మొదలిడినచో కాగితము నిండును, చేతిసంచి ఖాళీ యగును. దానికి మారుగా ఒక పొద్దుగూకునప్పటినుండి మరునాటి పొద్దుగూకు వరకు జరుగు పనులను మనసులో నడిపించి చూడుడు. చీకటి పడినది, దీపమేది? పిల్లవాడు నీళ్లడిగినాడు, చెంబేది? అర్ధరాత్రి చినుకు పడినది, పైన ఏమున్నది? అత్తగారు లేచి వెలుపలికి పోవలెను, ఎటు పోవుదురు? ఇట్లు గంటగంటకు చేయి వెదకు వస్తువును వ్రాసికొనుడు. తరువాత ప్రతి వస్తువు ఎదుట ఇంట ఉన్నదియు, ఎరవు దొరకునదియు, కొనవలసినదియు అని మూడు గురుతులలో ఒకటి వేయుడు. మూడవ గురుతు పడినవి అయిదారింటికి మించినచో మరల మొదటినుండి చూడుడు.

ఈ పనికి మీ యింట మంచి సలహాదారు ఒకరున్నారు. అత్తగారి యీడు వారు చిన్నతనమున ఎడ్లబండిలో తిరునాళ్లకు పోయి, బండి క్రిందనే రాత్రులు గడపినవారై యుందురు. బండిలో గడ్డి పరచి దానిపై బొంత వేయుట, సద్దిమూట కట్టుట, దారిలో బావి ఎక్కడ నున్నదో ముందుగా విచారించుట వారికి వెన్నతో పెట్టిన విద్య. ఆమెను కూర్చుండబెట్టి అడుగుడు. మీకు జాబితా దొరకును, ఆమెకు ఆ ప్రయాణము అప్పుడే మొదలగును.

స్థలము తెలియక సామగ్రి కూర్చుట వృథా. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి మన కడపసీమ మీదుగానే నడచిరి. ఆయనకు డేరాలును, బోయీలును, పెద్ద పరివారమును ఉండెను. అయినను 1838లో అచ్చుపడిన ఆయన యాత్రాచరిత్రలో ఏ మజిలీయందు నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లు కలవు, ఎక్కడ దిగుటకు చోటు కలదు అను విషయములే అడుగడుగునను కనబడును. అంత పరివారముతో పోయినవారికి కావలసిన ఆ విచారణ మనకు మరింత కావలెను. మేనమామగారికి ఫోను చేసి తోపులో బోరు మోటారు ఆడుచున్నదా, విద్యుత్తు ఏ వేళల వచ్చును, రెండు చెట్ల నడుమ చదునైన నేల కలదా, దగ్గరలో పశువుల పాకయైన నున్నదా అని అడుగుడు. పాక యున్నచో గట్టి వానకు అదియే మీ గుడారము.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. మన సీమలో ఏరులు ఏడాదిలో అధికభాగము ఇసుకయే. మాండవ్యనది గాని, చెయ్యేరు గాని చూచిన బిడ్డలకు ఆ తెల్లని మెత్తని ఇసుకలో పండుకొనవలెనని తోచును. చలువగా ఉండును, ముళ్లుండవు. కాని కార్తికము మనకు ఈశాన్యపు వానల కాలము. 2021 నవంబరు 19న, కార్తిక పౌర్ణమి దినములలో, ఎగువ కురిసిన వానకు పింఛ జలాశయపు కట్టయు, పిదప రాజంపేట చెంత చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్టయు తెగినవి. పులపత్తూరు, మందపల్లి మొదలగు ఊళ్లమీదికి నీరు ఒక్కుమ్మడిగా వచ్చెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. మన తలపై చినుకైన లేకున్నను ఎగువనుండి నీరు వచ్చునని ఆ దినము చూపినది. కావున ఏటి ఇసుకలోను, వంకలోను, చెరువుకట్ట దిగువను బస చేయరాదు. తోపులో కూడ కొంచెము మెరక చూచుకొనుడు.

పైకప్పునకు గుడారము కొనవలదు. పల్లెలో శనగకాయలు ఎండబోయు పట్ట ప్రతి రైతు ఇంట ఉండును. దానిని ఎరవు అడుగుడు. దొరకనిచో అంగడిలో టార్పాలిను పట్ట ఒకటి కొనుడు. 800 రూపాయలకు మించనీయకుడు. రెండు చెట్లకు పలుపుతాడో మోకో బిగించి, దానిపై పట్టను వేసి, నాలుగు మూలలను మేకులకు కట్టిన చాలును. పట్ట మూలలలో రంధ్రములు చినిగిపోయి యున్నచో చింతగింజంత గులకరాతిని మూలలో చుట్టి, ఆ గుండు వెనుక తాడు బిగించుడు. ఎంత గాలికిని జారదు. ఈ కాలమున వాన తూర్పు, ఈశాన్యములనుండి కొట్టును గనుక ఆ వైపు పట్టను నేలకు దగ్గరగా దింపి, పడమటి వైపు ఎత్తి యుంచుడు. పారతో చుట్టును జానెడు కాలువ తీసినచో నీరు లోనికి రాదు. ఇది మేనమామగారి తోపు గనుక త్రవ్వుటకు అడ్డులేదు.

నేలమీద పరచుటకు వేరొక పట్ట కావలెను. ఖాళీ గోతములు నాలుగైదు విప్పి, ఉతికి, ప్రక్కప్రక్కన కుట్టినచో ఇంట చేసిన పట్ట యగును. యూరియా గోతములైనను పరవాలేదు, బాగుగ ఉతుకుడు. పురుగుమందు వచ్చిన సంచులను మాత్రము ఎంత ఉతికినను ముట్టకుడు.

దానిపై ఈతచాప, చాపపై బొంత. పాత నేతచీరలు నాలుగైదు కలిపి కుట్టిన బొంతకు సాటియైన పరుపు లేదు. నూలుకు తప్ప ఖర్చు లేదు. చలి నేలనుండి ఎక్కును గనుక ఆరుగురకు ఉన్న దుప్పట్లలో సగముకంటె ఎక్కువ క్రిందనే వేయవలెను. పైన ఎన్ని కప్పుకొన్నను క్రింద ఒక్క చాపయే యున్నచో తెల్లవారుజామున నడుము పట్టుకొని లేచుదురు. కువైటునుండి వచ్చువారు తప్పక తెచ్చు ఆ పెద్దపూల దళసరి కంబళి మీ యింటను ఉండును. అది అత్తగారికి ఇయ్యుడు. కాని వాన తగులకుండ చూచుకొనుడు, ఒకమారు తడిసినచో అది మూడు దినములకైన ఆరదు. వానకు మన నల్ల గొంగడియే మేలు. గొఱ్ఱెల కాపరులు దానినే తలపై వేసికొని జడివానలో నిలుచుట మీరు చూచియే యుందురు. ఇంట లేకున్నచో ఎరవు తెచ్చుకొనదగినది.

ఇంతవరకు కాసు ఖర్చు లేకయో, పట్టకు మాత్రమే ఖర్చయియో జరిగినది. ఇప్పుడు మేము నిర్బంధముగా కొనుమని చెప్పు వస్తువు: దోమతెర. ఇంట ఉన్నచో సరే, లేకున్న పెద్దవి రెండు కొనుడు, 700 కేటాయింపుడు. దోమలకు మాత్రమే యని అనుకొనకుడు. మన సీమలో నేలపై నిదురించువారికి గల పెద్ద భయము కట్లపాము. అది రాత్రులందు తిరుగును. దాని కాటు నొప్పి అంతగా తెలియనీయదు, గాటు సరిగా కనబడదు. తెల్లవారునప్పటికి కనురెప్పలు వ్రాలుట, కడుపునొప్పి, మాట ముద్దగా వచ్చుట కనబడును. దోమతెరను పైన కట్టి, దాని అంచులను చుట్టును చాప క్రిందికి, బొంత క్రిందికి దోపినచో పామును తేలును లోనికి రాలేవు. పై ఖరీదుగల గుడారమున్నను అంచు తెరచి యుంచినచో ఈ రక్షణ లేదు. పిల్లల చెప్పులు ఉదయమున దులిపి తొడుగవలెను. కట్టెలను వట్టి చేతితో ఎత్తరాదు.

ఒకవేళ కాటు పడినదని అనుమానము కలిగినను త్రాడు బిగించుట, కత్తితో గీయుట, నోటితో పీల్చుట, ఆకుపసరు పూయుట ఏదియు వలదు. కరచిన కాలిని గాని చేతిని గాని కదలకుండ బద్దకు గుడ్డతో వదులుగా కట్టి, నడిపింపక, 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చుడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికిని విరుగుడు ఒక్కటే మందు. కావున పామును చంపి చూపవలెనని వెదకుచు కాలము పోగొట్టుకొనకుడు.

అందుచేతనే ఫోనును దీపముగా వాడరాదు. రాత్రి పిల్లలు దానితో ఆటలాడి తెల్లవారునప్పటికి దానిని ఆర్పివేయుదురు. అవసరమునకు 108 పిలుచుటకు అది యుండదు. బ్యాటరీ దీపములు రెండు, ఒకటి చేతిది, ఒకటి తాటికి వ్రేలాడదీయునది, కలిపి 350 రూపాయలలో తీసికొనుడు. కొవ్వొత్తిని గాని, లాంతరును గాని దోమతెర దరిదాపులకు రానీయకుడు.

నీళ్లు. ఒక్కొక్కరికి త్రాగుటకు దినమునకు మూడు లీటర్ల చొప్పున ఆరుగురకు రెండు దినములకు 36 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు గనుక రాయచోటినుండి మోయుట తెలివి కాదు. ఖాళీ క్యాను ఒకటియు, మూత గట్టిగా పడు సీసాలు ఆరును ఇంటినుండి తీసికొనుడు. పీలేరులో త్రాగునీరు నింపుకొనుడు. బోరు నీరు వంటకు, పాత్రలకు. అది త్రాగవలసి వచ్చినచో తెరలి మరుగునట్లు ఒక నిమిషమైన కాచి, చల్లార్చి, మూతపెట్టిన బిందెలో పోసికొనుడు. నీళ్లు ముంచుటకు పిడిగల చెంబు వేరుగా ఉండవలెను, పిల్లలు చేయి పెట్టిన నీరు కాచిన ఫలము పోవును. వాంతులు, విరేచనములు పట్టినచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. ఉప్పు అంతకు మించరాదు. ఆ పొట్లములు అంగడిలోను దొరకును. వాటితోపాటు జ్వరపు మాత్రలు, గాయమునకు పట్టీలు, అత్తగారు నిత్యము వేసికొను మందులు, అగ్గిపెట్టెలు, తాడు అన్నిటికి కలిపి 250 రూపాయలు.

ఇక వంట. కార్తిక వనభోజనమనగా పురుషులు ఉసిరిచెట్టు క్రింద పేక పరచుకొని కూర్చుండుట, స్త్రీలు పొయ్యి యొద్ద పొగకు కన్నీరు కార్చుట అని మన దేశమున స్థిరపడి యున్నది. సోదరీ! నీవు కోరినది ఆరుగురు ఒకచోట నుండుట. ఆ ఆరుగురలో నీవును ఒకతెవు. కావున రెండు రాత్రులకు పొయ్యి మూడుమార్లకంటె ఎక్కువ వెలిగింపనక్కర లేని భోజనము ఏర్పరచుకొనవలెను.

బయలుదేరు నాడు ఇంటనే చింతపండు పులుసుతో చిత్రాన్నము కలుపుడు. ఆ పగలును రాత్రియు అదియే. ఆ రాత్రి వంట లేదు. మరునాటి ఉదయము ఉగ్గాని. బొరుగులకు బరువు లేదు, ధర లేదు. నీటిలో తడిపి పిండి, తాలింపులో వేసి, పప్పులపొడి చల్లిన పది నిమిషములలో అయిపోవును. ఇంతకంటె విడిదికి తగిన వంట మన సీమవారు గాని ఇతరులు గాని కనిపెట్టలేదని మా అభిప్రాయము. తలకోనకు పోవునాటి పగటికి జొన్నరొట్టెలు. ఇంట ముందురోజే పలుచగా తట్టి, పెనముపై ఎండబెట్టినట్లు కాల్చిన రొట్టెలు రెండు మూడు దినములు చెడవు. ఊరుబిండి నీరు తగులకుండ దంచి సీసాలో పెట్టుడు. ఆ రాత్రి మాత్రము నిజమైన వంట: సంగటియో అన్నమో, పప్పు, చింతకాయతొక్కు. ఆ వంట ఆయనను చేయనిండు. పరదేశమున గదిలో నలుగురు పురుషులు వంతులు వేసికొని వండుకొని తినువారికి అది కొత్త కాదు. బిడ్డలకు మాత్రము తండ్రి వండిన కూడు కొత్త. చిన్నవాడు కట్టెపుల్లలు అందించును. మూడవ నాటి ఉదయమునకు మరల బొరుగులే. నాటుకోడి మాట పెద్దబ్బాయి ఎత్తవచ్చును. కార్తికము నడచుచున్నదని చెప్పి త్రోసివేయుడు. బియ్యము, పప్పు, చింతపండు ఎట్లును ఇంటివే గనుక బొరుగులు, కూరగాయలు, బెల్లము, అరటిపండ్లకు 600 రూపాయలు చాలును. ఆయన తెచ్చిన ఖర్జూరములు ఉండనే యున్నవి.

గ్యాసు బుడ్డిని బస్సులో ఎక్కనీయరు, ఎక్కించుటయు తగదు. తోపులో మూడు రాళ్లే పొయ్యి. వానకాలమున కట్టె తడిగా ఉండును గనుక ఎండిన సన్నపుల్లలు, నాలుగు పిడకలు ఇంటినుండి ఒక సంచిలో వేసికొనుడు. అగ్గిపెట్టెను మూత బిగుసు సీసాలో పెట్టుడు. సత్తుగిన్నెలకు వెలుపల తడిబూడిద పూసి పొయ్యిమీద పెట్టినచో మసి ఆ పూతతోనే ఊడివచ్చును, తోముటకు అరగంట తగ్గును. గిన్నెలు రెండు, ఒకదానిలో ఒకటి ఇమిడినవి, ఒక పెనము, గరిటె, కత్తి. పళ్లెములు ఎవరివి వారు తెచ్చుకొని ఎవరివి వారే కడుగుకొనవలెను. విస్తరాకులైనను మంచివే. ప్లాస్టికు పళ్లెములు మాత్రము వలదు.

పత్రికలలో సాధారణముగా వ్రాయని సంగతి యొకటి కలదు. పురుషులు విడిది జాబితా వ్రాసినచో అందు మరుగు ఉండదు. ఇంట అత్తగారును, ఎదిగిన పిల్లయు ఉన్నారు. పాత చీర ఒకటి, నాలుగు కఱ్ఱలు, ఒక పార కావలెను. నీటి వసతికి, వంటకు దూరముగా, బసకంటె పల్లమున, చుట్టును చీర కట్టి, మూరెడు గుంట త్రవ్వి, ప్రతిమారును మన్ను కప్పుటకు ప్రక్కన మట్టి కుప్ప ఉంచుడు. అక్కడ ఒక బకెట్టు, సబ్బు. దారికి చీకటిలో కనబడునట్లు తెల్లగుడ్డ పీలికలు కట్టుడు. రాత్రి ఒంటరిగా ఎవరును పోరాదు, దీపముతో ఇద్దరు పోవలెను. నెలసరి గుడ్డలు అవసరమున్నను లేకున్నను సంచిలో నుండవలెను. పదమూడేండ్ల పిల్లకు ఆ సంచి ఎక్కడ నున్నదో ముందే చెప్పియుంచుడు. ఈ ఏర్పాటు లేనిచోట స్త్రీలు సాయంకాలమునుండి నీళ్లు త్రాగుట మానుదురు. మరునాడు తలనొప్పి, మూత్రమున మంట. ఇది ఎండవలన కలిగినదని అనుకొందురు.

తలకోన సంగతి కొంచెము. అది శ్రీ వేంకటేశ్వర జాతీయవనములోనిది. అక్కడ పొయ్యి వెలిగింపరాదు, ప్లాస్టికు వేయరాదు; అందుకే ఆ పగటికి రొట్టెలు చెప్పితిమి. కోతులు అధికము. సంచిలో వాసన తగిలినచో చేతిలోనుండియే లాగుకొనును; రొట్టెలను మూతగల డబ్బాలో పెట్టుడు. జలపాతము 270 అడుగుల ఎత్తునుండి పడును, కార్తికమున నిండుగా ఉండును. చూచుటకు ఎంత సొంపో దాని క్రింది బండలు అంత జారుడు. మడుగులలో ఈతకు దిగి ప్రాణములు పోయిన సందర్భములు కలవు. చిన్నవాని చేయి తండ్రి చేతిలోనే ఉండవలెను. అడవిలో చీకటి త్వరగా పడును. సిద్ధేశ్వరస్వామి దర్శనము చేసికొని మూడు గంటలకే తిరుగుముఖము పట్టుడు. ఆ రాత్రి అక్కడనే యుందమని పిల్లలు పట్టుపట్టుదురు, ఒప్పుకొనకుడు.

ప్రయాణమునకు ముందు వారము ఒక రాత్రి మీ మిద్దెమీద సర్వము పరచుకొని పండుకొనుడు. దోమతెర ఎత్తుకు తాడు చాలునా, దీపము ఎన్ని గంటలు వెలుగును, చిన్నవాడు అర్ధరాత్రి ఏమి అడుగును అను సంగతులన్నియు ఆ రాత్రియే తెలియును. తెల్లవారి లేచి, వాడని వస్తువులను తీసి ఇంటనే పెట్టుడు. సామాను ముగ్గురు పెద్దలును, పెద్దపిల్లలిద్దరును ఒక్కమారు మోయగలిగినంత మాత్రమే ఉండవలెను. అంతకు మించినది బస్సులో తగవులకు మూలము. మన రాష్ట్రములో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు గనుక మీకును, అత్తగారికిని, పిల్లకును ఆధారుకార్డు ఒకటి చాలును. మిగిలిన ఆ డబ్బు ఆయన జేబులో ఉండనిండు, ఆటోకు కావలసి వచ్చును.

లెక్క చూచుకొందము. పట్ట 800, దోమతెరలు 700, దీపములు 350, మందులు, తాళ్లు మొదలగునవి 250, దినుసులు 600, వెరసి 2,700. మిగిలిన 300 రూపాయలను కొంగున ముడివేసికొనుడు, ఎవరడిగినను విప్పకుడు. పట్ట ఎరవు దొరికినచో 1,100 మిగులును. ఈ ధరలు అంగడిని బట్టి కొంత అటునిటు కావచ్చును. ఒకదానిపై హెచ్చినచో వేరొకదానిపై తగ్గింపుడు గాని మొత్తము దాటనీయకుడు. దోమతెరలో మాత్రము తగ్గింపకుడు.

ఎరవు తెచ్చిన ప్రతి వస్తువును, ఇచ్చినవారి పేరును పిల్ల చేత నోటుపుస్తకములో వ్రాయింపుడు. గిన్నె ఎరవు తెచ్చినచో ఒట్టి గిన్నె తిరిగి ఇయ్యరాదు, గుప్పెడు బొరుగులైనను వేసి ఇయ్యవలెను. ముఖ్యముగా ఆ శనగకాయల పట్ట. తోపునుండి తడిగా మడిచి తెచ్చినదానిని అట్లే ఇచ్చివేయకుడు. మిద్దెమీద రెండు ప్రక్కలను ఎండబెట్టి, మన్ను దులిపి, చినిగిన మూల యున్నచో కుట్టి ఇయ్యుడు. ఇచ్చిన రైతునకు శనగకాయలు పెరుకు దినములు దగ్గరపడినచో మాత్రము ఆ పట్టను అసలు అడుగకుడు; 800 పెట్టి కొనుడు.